తప్పుగా ఇచ్చినదానికి లెక్కుంది, తప్పుగా ఆపినదానికి లేదు

పబ్లిక్ పాలసీ, అంటే ప్రభుత్వం నిర్ణయాలు ఎలా తీసుకుంటుంది, ఎలా అమలు చేస్తుంది అన్నది, చదువుతున్నా అని చెప్పగానే అందరూ అడిగేవి రెండే, ఎలక్షన్లలో నిలబడతావా అని ఒకటి, ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది అని ఇంకోటి. మొదటిదానికి లేదు అని చెప్పేస్తే అయిపోతుంది. రెండోదానికే కాస్త టైమ్ పడుతుంది, అందుకే ఈ పోస్ట్. రెండేళ్ల కోర్సు ఇంకో రెండు నెలల్లో అయిపోతోంది. ప్రభుత్వ సర్వీసులోకి వెళ్లాలని చేరినదాన్ని, ఇప్పటికీ అక్కడికే వెళ్తా, కాకపోతే చేరిన రోజు సర్వీస్ అనే మాటకి నేను చెప్పుకున్న అర్థం వేరు, ఇవాళ చెప్పే అర్థం వేరు.

చేరినప్పుడు నా లెక్క ఏంటంటే, పైన మంచివాళ్లు, చదువుకున్నవాళ్లు కూర్చుంటే నిర్ణయాలు మంచివి వస్తాయి, నిర్ణయాలు మంచివైతే కింద పనులు వాటంతట అవే జరుగుతాయి అని. ఇందులో మొదటి సగం నిజమే అని ఇప్పటికీ నమ్ముతా. రెండో సగం మీదే ఈ రెండేళ్లూ గడిచాయి.

అసలు మంచివాళ్లని ఎలా ఎంచుకోవాలన్నది చాలా పాత ప్రశ్న. చైనాలో చక్రవర్తుల కాలం నుంచి అధికారులకి పరీక్షలు పెట్టారు, 1905లో గానీ ఆ పద్ధతి ఆగలేదు. బ్రిటన్‌లో 1854లో నార్త్‌కోట్, ట్రెవెలియన్ అనే ఇద్దరు రిపోర్టు ఇచ్చారు, సిఫార్సులతో కాదు, పోటీ పరీక్షతో తీసుకోండి అని. అమెరికాలో అయితే 1881లో ప్రెసిడెంట్ గార్ఫీల్డ్‌ని, తనకి రావాల్సిన పదవి రాలేదని కోపం పెట్టుకున్న మనిషి కాల్చాడు, ఆ తర్వాత 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి ఉద్యోగాలు పార్టీ మనుషులకి పంచిపెట్టే అలవాటుకి కళ్లెం పడటం మొదలైంది. ఇవన్నీ ఎవర్ని తీసుకోవాలి అన్నదానికి జవాబులు. తీసుకున్నాక వాళ్లకి ఏం నేర్పాలి అన్నది యూనివర్సిటీల్లోకి తర్వాత వచ్చింది. అమెరికాలో సిరాక్యూస్ యూనివర్సిటీలో మ్యాక్స్‌వెల్ స్కూల్ 1924లో, ఇప్పుడు కెనెడీ స్కూల్ అంటున్న హార్వర్డ్ స్కూల్ 1936లో మొదలయ్యాయి. 1951 ప్రాంతంలో హెరాల్డ్ లాస్‌వెల్ అనే అమెరికన్ పొలిటికల్ సైంటిస్ట్ దీన్ని పాలసీ సైన్సెస్ అన్నాడు, ఎకనామిక్స్, లా, సైకాలజీ, లెక్కలు అన్నీ ఒక సమస్య చుట్టూ కూర్చోబెట్టాలన్నది ఆయన ఆలోచన. మా టైమ్‌టేబుల్ చూస్తే అచ్చం అలాగే ఉంటుంది, పొద్దున రిగ్రెషన్ అనే స్టాటిస్టిక్స్ లెక్కలు, మధ్యాహ్నం అడ్మినిస్ట్రేటివ్ లా, సాయంత్రం బడ్జెటింగ్. మొదటి నెలంతా ఇవన్నీ ఒకదానికొకటి ఏమవుతాయో నాకు అర్థం కాలేదు.

స్టాటిస్టిక్స్ క్లాసులో ఒకరోజు మేడమ్ బోర్డు మీద నాలుగు గళ్లు గీశారు. జబ్బు ఉంది, జబ్బు లేదు. టెస్టు ఉందంది, టెస్టు లేదంది. జబ్బు లేని మనిషికి ఉందని చెప్పడం ఒక రకం తప్పు, ఉన్న మనిషికి లేదని చెప్పడం ఇంకో రకం తప్పు, టెస్టు అదే అయినప్పుడు ఒక తప్పు తగ్గాలని బిగించేకొద్దీ రెండోది పెరుగుతుంది. ఫాల్స్ పాజిటివ్, ఫాల్స్ నెగెటివ్. నోట్స్‌లో రాసుకున్నా, పరీక్షలో వచ్చింది, మార్కులు వచ్చాయి, మర్చిపోయా. ఆ నాలుగు గళ్లు మళ్లీ ఎక్కడ కనిపించాయో కింద చెప్తా.

పాలసీ అనాలిసిస్ చెప్పిన సార్ గురించి చెప్పాలి. ఆయన క్లాసులో పెద్ద పెద్ద పేపర్లు రాయనిచ్చేవారు కాదు, అంతా ఒక పేజీ మెమోనే. సమస్య ఏంటి, ఏం చేయొచ్చు, అందులో మీరు ఏది చేయమంటారు, ఎందుకు, అంతే, ఒక్క పేజీ దాటితే చదవను అనేవారు. మొదటి మెమో నేను రాత్రంతా కూర్చుని రాశా, బడి మానేసే పిల్లల మీద. అవగాహన కల్పించాలి, శాఖల మధ్య సమన్వయం పెంచాలి, పర్యవేక్షణ పటిష్ఠం చేయాలి, ప్రత్యేక చర్యలు చేపట్టాలి. తిరిగొచ్చిన కాగితం మీద చూస్తే వాక్యం చివర ఉన్న ప్రతి 'ఆలి' చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది, పక్కన ఒకటే మాట, 'ఎవరు?'. పదకొండు సున్నాలు. కింద ఒక లైను, 'సోమవారం పొద్దున పది గంటలకి ఈ పని ఏ మనిషి, ఏ కుర్చీలో కూర్చుని మొదలుపెడతారు?'. మన భాషలో ఈ సౌకర్యం ఉంది కదా, చేసేవాడు లేకుండానే వాక్యం హాయిగా పూర్తయిపోతుంది, చేయాలి, చేపట్టాలి, చూడాలి, చదివేవాడికి కూడా ఏమీ లోటు అనిపించదు. ఆరోజు నుంచి నేను ఏ ప్రకటన చదివినా ఆ 'ఆలి'లు లెక్కపెడుతున్నా.

ఆ సార్ దగ్గరే ఓక్లాండ్ కథ విన్నాం. 1966లో అమెరికా ప్రభుత్వం ఓక్లాండ్ నగరంలో ఉద్యోగాలు లేని నల్లజాతివాళ్లకీ ఇతర మైనారిటీలకీ పని దొరకాలని 2 కోట్ల 30 లక్షల డాలర్ల ప్రోగ్రామ్ ప్రకటించింది. డబ్బు ఉంది, రాజకీయంగా పెద్ద వ్యతిరేకత లేదు, అందరూ మంచిదే అన్నారు. మూడేళ్లయ్యాక చూస్తే వచ్చిన ఉద్యోగాలు చాలా కొద్ది. ప్రెస్‌మన్, విల్డావ్‌స్కీ అనే ఇద్దరు రీసెర్చర్లు కూర్చుని ఆ ప్రోగ్రామ్ ఎక్కడెక్కడ ఎవరి ఒప్పుదల కోసం ఆగాల్సి వచ్చిందో లెక్కగట్టారు, మొత్తం 70 ఒప్పుదలలు. సార్ మమ్మల్ని క్యాలిక్యులేటర్ తీయమన్నారు. ఒక్కో చోట ఒప్పుకునే అవకాశం నూటికి 99 అనుకోండి, 0.99ని 70 సార్లు హెచ్చవేయండి. సగానికి కొంచెం తక్కువే వచ్చింది. 95 అనుకోండి అన్నారు. మూడు శాతం కూడా రాలేదు. క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ చెడ్డవాళ్లు కాకపోయినా, ఎవరూ అడ్డం పడకపోయినా ఒక పని ఆగిపోవచ్చని అంకెల్లో చూడటం నాకదే మొదటిసారి.

ఇంకోటి కాలిఫోర్నియాది. టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలుపెట్టి ఒక మంచి ప్రయోగం చేశారు, చిన్న పిల్లల క్లాసుల్ని లాటరీ పద్ధతిలో విడదీసి కొన్నిటిలో 13 నుంచి 17 మంది, కొన్నిటిలో 22 నుంచి 25 మంది పెట్టారు, చిన్న క్లాసుల్లో పిల్లలు బాగా నేర్చుకున్నారు. సాక్ష్యం గట్టిది. 1996లో కాలిఫోర్నియా, చిన్న తరగతుల్లో క్లాసుకి 20 మందికి మించకుండా ఉంచే స్కూళ్లకి డబ్బిస్తా అని రాష్ట్రం మొత్తానికి ఒక్కసారే అంది. అయితే అంతమందికి టీచర్లేరీ, గదులేవీ? ట్రైనింగ్ పూర్తవ్వనివాళ్లని కూడా తీసుకోవాల్సి వచ్చింది, కలిగిన స్కూళ్లలో ఖాళీలు పుట్టేసరికి పేద స్కూళ్లలో ఉన్న అనుభవం గల టీచర్లు కొందరు అటు వెళ్లిపోయారు. ఒకచోట పనిచేసింది ఇంకోచోట పనిచేయాలంటే అక్కడ దాన్ని నిలబెట్టిన మిగతా సామానంతా ఇక్కడ కూడా ఉండాలి. వినడానికి చిన్న విషయమే, కానీ ఇది పట్టించుకోకుండా ఎంత డబ్బు పోతుందో చదివేకొద్దీ బాధేస్తుంది.

ఇక ఇంటర్న్‌షిప్. వృద్ధాప్య పింఛను దరఖాస్తులు తీసుకునే ఒక ఆఫీసులో ఎనిమిది వారాలు ఉన్నా. ఎక్కడిదో, పేరేంటో చెప్పను, ఆ ఒక్క ఆఫీసుకి మాత్రమే సంబంధించిన విషయం కాదు ఇది. నాకిచ్చిన పని చిన్నది, వెనక్కి పంపిన దరఖాస్తులు ఎందుకు వెనక్కి వెళ్లాయో చూసి ఒక నోట్ రాయడం. ఫైళ్లు కట్టలు కట్టి బీరువా పక్కన నేల మీద పెట్టి ఉన్నాయి, ప్రతిదాని మీదా ఎర్ర సిరాతో ఒకటే మాట, 'తిరస్కరించడమైనది'. ఎందుకో లేదు, ఎవరో లేదు. మా సార్ పెన్సిల్ గుర్తొచ్చింది, ఇక్కడ కూడా చేసినవాడు లేని వాక్యమే.

కాగితాల్లో కారణం దొరకదని అర్థమయ్యాక కౌంటర్ వెనక గుమాస్తా గారి పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నా. రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉన్న మనిషి, నెమ్మదస్తుడు, ఎవరినీ కసురుకోవడం నేను చూడలేదు. రెండో వారంలో అనుకుంటా, ఒక పెద్దావిడ వచ్చింది, మూడోసారి రావడం అట. ప్లాస్టిక్ కవర్, దానికి రెండు చుట్లు తిప్పిన రబ్బరు బ్యాండ్, లోపల మడతలు పడి మడతల దగ్గర చిరిగిపోతున్న కాగితాలు. ఒక్కొక్కటీ తీసి అరచేత్తో సాపు చేసి కౌంటర్ మీద పెట్టింది. రెండు పత్రాలు, రెండిట్లో పుట్టిన సంవత్సరానికి మూడేళ్లు తేడా. నేను పక్కనుంచి లెక్క వేశా. రెండిట్లో ఏది తీసుకున్నా ఆవిడ వయసు పింఛనుకి సరిపోతుంది. గుమాస్తా గారు కూడా వేసే ఉంటారు ఆ లెక్క. కానీ రూలు ఏం చెప్తోందంటే, రెండు పత్రాల్లోనూ తేదీ ఒకటే ఉండాలి.

తేదీ కలవలేదమ్మా, సరిచేయించుకుని రండి అన్నారాయన. ఆవిడ రెండు కాగితాల వంక చూసి, "ఏది తప్పో చెప్పు బాబూ, అది చింపేస్తాను" అంది.

ఆయన ఏమీ చెప్పలేకపోయారు. ఆవిడ మళ్లీ అన్నీ మడతపెట్టి, రబ్బరు బ్యాండ్ రెండు చుట్లూ తిప్పి, వెళ్లిపోయింది. లైన్‌లో తర్వాతి మనిషి ముందుకొచ్చాడు.

మధ్యాహ్నం అడిగా, సార్, ఏది తీసుకున్నా సరిపోతుంది కదా, మీకూ తెలుసు కదా అని. ఆయన కోప్పడలేదు. "చూడమ్మా, తేదీ తేడా ఉన్న ఫైలు నేను పాస్ చేశాననుకో, రేపు ఆడిట్‌లో నా సంతకం చూపించి నన్నే అడుగుతారు. వెనక్కి పంపాననుకో, ఎవరూ అడగరు. పదిమందిని పంపినా అడగరు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కసారి అడగలేదు" అన్నారు.

మేడమ్ గీసిన నాలుగు గళ్లు అప్పుడు గుర్తొచ్చాయి. అర్హత లేనివాళ్లకి ఇవ్వడం ఒక తప్పు, ఉన్నవాళ్లకి ఆపడం ఇంకో తప్పు. మొదటి తప్పుకి ఆడిట్ ఉంది, రిజిస్టర్ ఉంది, నోటీసు ఉంది, పేపర్లో వార్త ఉంది. రెండో తప్పుకి ఒక్క కాగితం కూడా లేదు, అది జరిగినట్టు ఎక్కడా నమోదే కాదు, ఆ మనిషి కవర్ సర్దుకుని ఇంటికి వెళ్లిపోవడంతో ముగిసిపోతుంది. ఒక వైపు తప్పుకే శిక్ష ఉంటే ఏ మనిషైనా రెండో వైపుకే జరుగుతాడు, ఆయన స్థానంలో నేనున్నా జరిగేదాన్నేమో. మైకేల్ లిప్‌స్కీ అనే అమెరికన్ పొలిటికల్ సైంటిస్ట్ 1980లో రాసిన మాట ఇదివరకే చదివా, కౌంటర్లో, క్లాసులో, వీధిలో జనానికి ఎదురుగా ఉండే ఉద్యోగులు రోజూ తీసుకునే నిర్ణయాలే చివరికి పాలసీ అవుతాయి అని. చదివినప్పుడు అదొక థియరీ. ఆ స్టూల్ మీద కూర్చున్నాక గానీ నాకు అది పట్టలేదు.

తిరిగొచ్చాక దీని మీదే చదువుతూ పోయా. పమేలా హెర్డ్, డొనాల్డ్ మొయినిహాన్ అనే ఇద్దరు దీనికి అడ్మినిస్ట్రేటివ్ బర్డెన్ అని పేరు వాడతారు, ప్రభుత్వంతో పని పడినప్పుడు మనిషి మోసే బరువు. మూడు రకాలు చెప్తారు, అసలు ఇలాంటిది ఒకటుందని, మనకి వస్తుందని తెలుసుకోవడానికి పడే కష్టం, కాగితాలకీ తిరగడానికీ పోయే టైమూ డబ్బూ, ఆ కౌంటర్ ముందు నిలబడినప్పుడు మనసుకి తగిలేది. మూడోదాన్ని మా లెక్కల్లో ఎక్కడా వేయం. ఆవిడ కాగితాలు సాపు చేసిన చెయ్యి గుర్తొస్తే నాకు ఆ మూడోదే ముందు కనిపిస్తుంది.

ఇది మార్చడం అసాధ్యం ఏమీ కాదు, సాక్ష్యం ఉంది. అమెరికాలో కాలేజీ ఆర్థిక సాయం కోసం ఒక పెద్ద ఫారం నింపాలి. కొందరు ఎకనామిస్టులు ఒక ప్రయోగం చేశారు, 2012లో పబ్లిష్ అయింది, ట్యాక్స్ రిటర్న్ వేయించుకోవడానికి వచ్చిన కుటుంబాలకి అదే చోట ఆ ఫారం కూడా నింపిపెట్టారు, వివరాలు ఎలాగూ ముందున్నాయి కదా. స్కూలు చివరి సంవత్సరంలో ఉన్న పిల్లల్లో, తర్వాత రెండేళ్ల కాలేజీ చదువు పూర్తి చేసినవాళ్లు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. ఇంకో గుంపుకి ఎంత సాయం వస్తుందో సమాచారం మాత్రం ఇచ్చి ఫారం మీరే నింపుకోండి అన్నారు, వాళ్లలో మార్పేం కనపడలేదు. నా మొదటి మెమోలో మొదటి సిఫార్సు ఏంటో గుర్తుందా, అవగాహన కల్పించాలి.

మెక్సికో గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దాని మీద మా క్లాసులో పెద్ద గొడవే అయింది. 1997లో ప్రోగ్రెసా అని మొదలుపెట్టారు, పిల్లల్ని బడికి పంపితే, హెల్త్ చెకప్‌లకి తీసుకొస్తే తల్లుల చేతికి నగదు. 506 ఊళ్లు తీసుకుని, లాటరీ పద్ధతిలో విడదీసి 320 ఊళ్లలో ముందు ఇచ్చారు, 186 ఊళ్లలో తర్వాత ఇచ్చారు, మధ్యలో తేడా కొలిచారు. అవసరం ఉందని తెలిసీ ఆ 186 ఊళ్లని ఆపడం న్యాయమా అని ఒకమ్మాయి లేచి అడిగింది, గొంతు వణికింది ఆ అమ్మాయికి. అందరికీ ఒకేసారి ఇచ్చే డబ్బు ఎలాగూ లేనప్పుడు ఎవరు ముందు అనేది లాటరీ తేల్చడం సిఫార్సు తేల్చడం కంటే నయం అని ఇంకొకరు. గంటన్నర సాగింది. నేను లాటరీ వైపే, ఎందుకంటే ఆ కొలత ఉండబట్టే 2000లో ప్రభుత్వం మారినా కొత్తవాళ్లు దాన్ని తీసిపారేయలేకపోయారు, పేరు మార్చి ఇంకా పెంచారు. కానీ ఆ అమ్మాయి ప్రశ్న అడగకుండా ఇలాంటి పనికి సంతకం పెట్టే అధికారిని మాత్రం నేను కాకూడదు.

మా కోర్సు మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పేస్తా. చదివే కేసులు దాదాపు అన్నీ పై కుర్చీలోంచి మొదలవుతాయి, 'మీరు మంత్రికి సలహాదారు' అని, 'మీరు కార్యదర్శి' అని. 'మీరు మూడో నంబర్ కౌంటర్' అని ఒక్క కేసు కూడా లేదు. ఫీల్డ్ వర్క్ ఆప్షనల్‌గా పెట్టారు, మార్కుల కోసం చాలామంది దాని బదులు ఇంకో ఎలెక్టివ్ సబ్జెక్టు తీసుకున్నారు, వాళ్లని తప్పుపట్టను, కానీ ఇది తప్పనిసరి అయ్యుండాలి, కనీసం నెల రోజులు.

చేరాలనుకునేవాళ్లు లెక్కలకి భయపడి ఆగకండి, అవి వస్తాయి, రాని వాళ్లు మా బ్యాచ్‌లో ఎవరూ లేరు. బడ్జెట్ క్లాసు మాత్రం ఎగ్గొట్టకండి, అదే అన్నిటికంటే బోర్‌గా ఉంటుంది, అక్కడే తెలుస్తుంది ప్రభుత్వం నిజంగా ఏది ముఖ్యం అనుకుంటోందో. ఉపన్యాసంలో ఉండి బడ్జెట్‌లో లేని పథకానికి జీతం తీసుకునే మనిషి ఉండడు, మనిషి లేకపోతే సోమవారం పొద్దున ఏదీ మొదలవ్వదు.

నా నోట్ సంగతి చెప్పి ఆపేస్తా. ఒక్క పేజీ రాశా, ప్రతి వాక్యంలో చేసేవాళ్లు ఉండేలా చూసుకున్నా. ప్రధానంగా అడిగింది, వెనక్కి పంపే ప్రతి ఫైలు మీదా గుమాస్తా కారణం రాయాలి, నెలకోసారి ఆ కారణాలు లెక్కపెట్టాలి అని. ఆఫీసర్‌కి ఇచ్చేముందు గుమాస్తా గారికే చూపించా. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చదివి, "బాగుందమ్మా, ఇన్ని ఫైళ్ల మీద నాలుగేసి లైన్లు ఎవరు రాస్తారు, నేనేనా?" అన్నారు. మళ్లీ అదే ప్రశ్న. కాసేపు ఆలోచించి ఆయనే చెప్పారు, రాయడం ఎందుకు, రబ్బరు స్టాంపులు చేయించమను, మూడు చాలు, కాగితం తక్కువ ఒకటి, తేదీ తేడా ఒకటి, అర్హత లేదు ఒకటి, రోజు చివర్న లెక్క కూడా ఈజీ. లేవబోతూ ఆగి, నాలుగోది కూడా అడుగు అన్నారు, 'తేదీ తేడా ఉన్నా వయసు సరిపోయింది' అని, దాని కింద నా ఒక్కడి సంతకం కాకుండా ఆఫీసర్ సంతకం కూడా ఉండాలి.

నోట్ తిరగరాశా. మూడు స్టాంపులకి వెంటనే సరే అన్నారు ఆఫీసర్ గారు, నాలుగోది రూలు మార్చడం అవుతుంది, పైనుంచి ఆర్డర్ రావాలి అన్నారు, దాని ఫైలు పైకి వెళ్లింది.

పోయిన వారం గుమాస్తా గారికి ఫోన్ చేశా. కట్టల మీద ఇప్పుడు కారణం ఉంటోందట, నెలాఖరున లెక్క తీసి పంపుతున్నారట, అన్నిట్లోకీ తేదీ తేడా కట్టే పెద్దదట. నాలుగో స్టాంపు ఇంకా రాలేదు. ఆ పెద్దావిడ మళ్లీ వచ్చిందా సార్ అని అడిగా.

రాలేదమ్మా అన్నారు.